లండన్‌లో చూసిన ట్రూవిల్ ఇసుక

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఎప్పుడూ వంటిల్లేనా, ఊరు చూపించవా అని మా అత్తయ్యగారు అడిగారు. అందుకే ఇవాళ లండన్‌లో పెద్ద బొమ్మల మ్యూజియం, నేషనల్ గ్యాలరీకి వచ్చాను.

ఇక్కడ టికెట్ లేదండీ! బ్యాగు చెక్ చేసి లోపలికి పంపిస్తారు, అంతే. ఖర్చల్లా దారిలోనే. రైలుకి రానూపోనూ 8 పౌండ్లు, అంటే దగ్గరదగ్గర వెయ్యి రూపాయలు. బయట కాఫీ 4 పౌండ్లు. ఐదొందల రూపాయల కాఫీ నాకు గొంతు దిగదు, ఫ్లాస్కులో పోసుకొచ్చాను.

ఇదిగోండి, నేను చూపిద్దామనుకున్న బొమ్మ. ఫ్రెంచి చిత్రకారుడు మోనే వేసిన 'ట్రూవిల్ బీచ్'. గోడ కేలండరంతే ఉంది. 1870 ఎండాకాలం, ఆయనకి 29 ఏళ్ళు. జూన్‌లో పెళ్ళి చేసుకుని, భార్య కమీల్‌ని, చిన్న కొడుకుని తీసుకుని ఫ్రాన్స్‌లో ఆ సముద్రపు ఒడ్డుకి వెళ్ళాడు. ఎడమవైపు తెల్ల గౌనులో గొడుగు పట్టుకున్నది కమీలే అంటారు. బొమ్మ ముందు నేల మీద ఉన్న గీత దాటకుండా ఎంత వంగొచ్చో అంత వంగి చూశాను. గౌనంతా నాలుగైదు మందపాటి కుంచె దెబ్బలు. గొడుగు నీడలో ముఖమైతే ఒట్టి బూడిదరంగు మరక. రెండడుగులు వెనక్కి వస్తే మాత్రం మనిషి కూర్చునే ఉంది, ఎండ కూడా కనిపిస్తోంది.

అసలు సంగతి ఇది. ఈ రంగులో నిజం ఇసుక ఉందండీ! ఒడ్డునే కూర్చుని వేస్తుంటే గాలికి ఎగిరొచ్చి పచ్చి రంగుకి అంటుకుంది. గవ్వల ముక్కలు కూడా దొరికాయట. నూట యాభై ఏళ్ళు దాటినా అలాగే ఉంది.

నాకు వెంటనే బందరు గుర్తొచ్చింది. కార్తీక పౌర్ణమికి మంగినపూడిలో స్నానం చేసి ఇంటికొచ్చాక, అమ్మ అరుగు మీద నిలబెట్టి నా పరికిణీ అంచు దులిపేది. ఎంత దులిపినా రాత్రికి పక్కలో ఇసుక తగిలేది.

ఆగలేక అమ్మకి వీడియో కాల్ చేశాను. బొమ్మ చూసి, "మధ్యలో ఆ ఖాళీ కుర్చీ ఎవరిదే?" అంది. దాని వెనక తగిలించి ఉన్నది పిల్లాడి బూటు కావచ్చట, ఆరడానికి పెట్టారేమో అన్నాను. "అయితే వాడు అక్కడే ఎక్కడో ఇసకలో ఆడుకుంటుంటాడు" అంది. తర్వాత, "ఈ కార్తీకానికన్నా వస్తావా అమ్మలూ?" అంది. సెలవు అడగాలమ్మా అన్నాను. మూడేళ్ళుగా అదే చెబుతున్నాను.

మోనే ఆ బొమ్మ వేసిన 1870 జులైలోనే ఫ్రాన్స్‌కి యుద్ధం మొదలైంది. శరదృతువులో మోనే కూడా పెళ్ళాం పిల్లాడితో ఈ లండన్‌కే వచ్చాడు.

వాన్ గో అనే ఇంకో చిత్రకారుడు వేసిన పొద్దుతిరుగుడు పూలు కూడా చూపిద్దామనుకున్నాను. ఫోన్‌లో చార్జింగ్ అయిపోవస్తోంది, అమ్మ ఇంకా లైన్‌లోనే ఉంది. ఆ కుర్చీ ఇంకోసారి దగ్గరగా చూపించమంటోంది.