గుంటూరులో నక్షత్రకుడిని కలిశాను

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు? ఈ వీడియో డాలస్ నుంచి కాదు, గుంటూరు నుంచి. వెనకాల వినిపిస్తున్న హారన్లు తీసేద్దామని చూశాను కానీ వాటితో పాటు నా గొంతు కూడా పోతోంది, కాబట్టి సర్దుకోండి. సంక్రాంతి షాపింగ్ వ్లాగ్ ఎప్పుడని అడుగుతున్నారు, పెడతాను, చీరలెక్కడికీ పోవు. ముందు ఇది చెప్పాలి. రాత్రి నుంచి ఇంట్లో వాళ్ళకి ఇదే చెప్తున్నాను, ఇప్పుడు నన్ను చూస్తే పక్క గదిలోకి వెళ్ళిపోతున్నారు.

నిన్న మా ఫ్రెండ్స్‌తో కలిసి పద్యనాటకానికి వెళ్ళాను. సత్యహరిశ్చంద్ర. నా ఛానెల్ పాతవాళ్ళకి తెలుసు, నాకిదో పిచ్చి. డాలస్ పక్కన మా ఫ్రిస్కో నుంచి ఆఫీసుకి వెళ్ళేటప్పుడు టోల్‌వే మీద అందరూ పాడ్‌కాస్టులు వింటుంటే నేను డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్ర పద్యాలు వింటాను, మా నాన్న క్యాసెట్ల దగ్గర అంటిన అలవాటు అది. మా వారు కారెక్కగానే ముందు బ్లూటూత్ ఆపేస్తారు, పొద్దున్నే కాటిసీనేంటని. అదీ న్యాయమే.

కానీ నేను అభిమానించే ఆర్టిస్టు వేసేది హరిశ్చంద్రుడు కాదు. నక్షత్రకుడు. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లలు కూడా చూస్తున్నారు కాబట్టి కథ రెండు ముక్కల్లో చెప్తాను. విశ్వామిత్రుడికి హరిశ్చంద్రుడు రాజ్యం మొత్తం ఇచ్చేశాడు, అయినా ఇస్తానన్న డబ్బు బాకీ ఉండిపోయింది. ఆ బాకీ వసూలు చేసుకు రమ్మని విశ్వామిత్రుడు పంపిన శిష్యుడే నక్షత్రకుడు. రాజు, చంద్రమతి, పిల్లాడు లోహితాస్యుడు కాశీ దాకా నడుస్తుంటే వీడు వెనకాలే నడుస్తూ డబ్బు, డబ్బు అని ప్రాణం తీస్తాడు. మన ఇళ్ళల్లో ఎవరైనా వదలకుండా పీడిస్తే నక్షత్రకుడిలా తగులుకున్నావేంట్రా అంటారు చూడండి, ఆ నక్షత్రకుడే. ఈయన ఆ వేషం వేసిన క్లిప్పు ఒకటి నా ఫోన్‌కి వచ్చింది, చిన్న క్లిప్పే, అందులో ఆయన పెద్దగా చేసిందేమీ లేదు, రాజుగారి పక్కన నడుస్తూ కాల్లో ముల్లు తీసుకుంటాడు. ముల్లు తీసుకుంటూ కూడా బాకీ గురించే మాట్లాడతాడు. నేను అక్కడ పడిపోయాను. అప్పటి నుంచి ఆయన నాటకం ఎక్కడ ఎవరు రికార్డు చేసి పెట్టినా చూస్తాను. పేరు చెప్పను, వీడియోలో వద్దమ్మా అన్నారాయన.

మా బ్యాచ్ గురించి చెప్పాలంటే, బ్రాడీపేట నాలుగో లైన్లో ట్యూషన్‌కి కలిసి వెళ్ళినవాళ్ళం. ఒకత్తి డాక్టరు, ఒకత్తి లెక్కల టీచరు, ఇంకొకత్తి బ్యాంకులో. నాటకానికి రమ్మంటే ముగ్గురూ ఒకటే మాట, "సినిమాకి పోదామే తల్లీ, కనీసం ఏసీ ఉంటుంది." పద్యనాటకం అంటే మన జనరేషన్‌కి ఉన్న భయం ఒకటే అండీ, ఆ రాగం. ఆ రాగం ఎప్పుడు అయిపోతుందో పాడేవాళ్ళకే తెలియదని మా బ్యాంకమ్మ అభిప్రాయం. అరండల్‌పేటలో మిరపకాయ బజ్జీలు నేనే ఇప్పిస్తానని ఒప్పించి తీసుకెళ్ళాను. బజ్జీలు తింటుంటే నా కళ్ళలోంచి నీళ్ళు కారిన బిట్ ఇక్కడ వేస్తున్నాను, నవ్వుకోండి, డాలస్ కారం తిని తిని నాలుక చచ్చిపోయింది.

నాటకం వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలో. 2023 డిసెంబరులో నంది నాటకోత్సవాలు జరిగింది కూడా ఇక్కడే. ఆరున్నరకి అన్నారు, మేము ఆరింటికే వెళ్ళి మూడో వరసలో కూర్చున్నాం. తర్వాత సన్మానాలు. శాలువాలు అండీ శాలువాలు. ఒకాయనకి కప్పుతారు, ఆయన మాట్లాడతారు, రెండు నిమిషాల్లో ముగిస్తాను అంటారు, ముగించరు. తర్వాత ఆయన్ని పొగిడినాయనకి కప్పుతారు. నిర్వాహకులెవరో చెప్పను గానీ వాళ్ళకో దణ్ణం, ఆర్టిస్టులు ముఖానికి రంగేసుకుని లోపల ఉక్కపోతలో కూర్చుని ఉంటారు కదా, ఆ సంగతి ఒక్కరికైనా గుర్తుండాలి కదా. నా పక్కన తెల్ల పంచె తాతగారొకరు, "ఇదంతా మామూలేనమ్మా, నేను అందుకే ఆలస్యంగా వస్తా" అన్నారు. ఆయన వచ్చేసరికి నిజంగానే తెర లేవబోతోంది.

ఇక నాటకం. మొదటి డౌటు మా డాక్టరమ్మకి వచ్చింది. "ఏమే, ఇందాకటి హరిశ్చంద్రుడు సన్నగా ఉన్నాడు, ఈయన లావుగా ఉన్నాడేంటి?" పద్యనాటకం చూడనివాళ్ళకి ఇది చెప్పి తీరాలి, ఒకే పాత్రని సీనుకొకరు వేస్తారు. మొదటి హరిశ్చంద్రుడు, రెండో హరిశ్చంద్రుడు, కాటిసీనుకి ఇంకొకాయన. రాత్రంతా పై స్థాయిలో పద్యాలు పాడాలంటే ఒక గొంతు వల్ల కాదు, ఆ పైన ఎవరి అభిమానులు వాళ్ళకుంటారు. తాతగారైతే ఏ పద్యం ఎవరు ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ ఆపాలో పెదాలు కదుపుతూ పరీక్ష పెట్టినట్టు చూస్తున్నారు. హార్మోనియం బదులు కీబోర్డు పెట్టారని ఆయనకి కోపం. నాకు కీబోర్డు పెద్దగా ఇబ్బంది అనిపించలేదు కానీ ఆయన ముందు ఆ మాట అనే ధైర్యం చేయలేదు.

నక్షత్రకుడు వచ్చాడండీ. పిలక, భుజాన జోలె, చేతిలో కర్ర. ఇంకా నోరు తెరవలేదు, హాల్లో నవ్వు మొదలైంది. నేను ఈల వేశాను. అవును, వేశాను, ముందు వరసలో శాలువా కప్పించుకున్నాయన వెనక్కి తిరిగి చూశారు కూడా.

అసలు మజా ఇక్కడ. మా టీచరమ్మ నాకు చెప్పకుండా వెళ్ళి ఐదు వందలు చదివించింది. మన వైపు అలవాటే కదా, నచ్చితే డబ్బిస్తారు, మైకులో పేరు చదువుతారు. అది తన పేరు చెప్పి ఊరుకోవచ్చుగా, "అమెరికా డాలస్ నుంచి విచ్చేసిన నక్షత్రక పాత్రధారి గారి వీరాభిమాని" అని రాసిచ్చిందట. మైకులో అది చదవగానే హాలంతా అటూ ఇటూ తిరిగి వెతుకుతోంది, నేను కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. స్టేజీ మీద ఆయన క్షణం ఆగి, ఆ నోటు జోలెలో వేసుకుని, హరిశ్చంద్రుడి వైపు తిరిగి, "చూశావా మహారాజా! సముద్రాలవతల నుంచి కూడా బాకీ వసూలైంది, పక్కనే నడుస్తున్న నీ దగ్గరే ఒక్క కాసు రాలడం లేదు" అన్నారు. హాలు ఊగిపోయింది. హరిశ్చంద్రుడు కూడా నవ్వాపుకోలేక అటు తిరిగి నిలబడ్డాడు. పిలిచినప్పుడల్లా సినిమా సినిమా అన్న మా బ్యాంకమ్మ లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. ఆ వీడియో నా దగ్గర లేదు, ఎందుకంటే కెమెరా పట్టుకున్న మనిషి కొంగు చాటున ఉంది.

తర్వాత వారణాసి సీను. చంద్రమతిని సంతలో అమ్మే ఘట్టం. కాలకౌశికుడు ఆమెని దాసిగా కొనుక్కుంటాడు, పిల్లాడు తల్లి కొంగు వదలడు. నేను క్లిప్పుల్లో ఈ సీను చాలాసార్లు చూశాను, ప్రతిదాంట్లోనూ కెమెరా హరిశ్చంద్రుడి ముఖం మీదే ఉంటుంది, పద్యం ఆయనది కాబట్టి. మరి ఆ సమయంలో నక్షత్రకుడు ఏం చేస్తున్నాడో నేనెప్పుడూ చూడలేదు. నిన్న చూశాను. అప్పటిదాకా నోరు మూయని మనిషి స్టేజీ చివరికి వెళ్ళి మనకి వీపు పెట్టి నిలబడ్డాడు. డబ్బు చేతికొచ్చాక లెక్క పెట్టడం మొదలుపెట్టి, మధ్యలో తప్పి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టి, మళ్ళీ తప్పి, అలాగే జోలెలో పోసేసుకున్నాడు. అంతే. ఒక్క మాట లేదు, పద్యం లేదు, చప్పట్లూ లేవు. నా పక్కన తాతగారు మాత్రం "అద్దీ" అన్నారు. ఫోన్లో చూసి మనం నాటకం చూశామనుకుంటాం కానీ, పద్యం ఒకరు పాడుతుంటే మిగతావాళ్ళు ఎలా వింటున్నారన్నది కూడా చూడాలండీ, అది క్లిప్పుల్లో దొరకదు.

ఇప్పుడు టెన్షన్ ఏంటంటే, నక్షత్రకుడి వేషం వారణాసితో అయిపోతుంది. తర్వాతది కాటిసీను, దాంట్లో ఆయనకి పని లేదు. మేము సీను చూస్తూ కూర్చుంటే ఆయన రంగు తుడుచుకుని బస్సెక్కేస్తారు. ఆయన కోసం లేస్తే కాటిసీను పోతుంది. నాది మరీ కక్కుర్తి, రెండూ కావాలి. చివరికి డాక్టరమ్మ "మీరు చూడండే, నేను పోయి ఆయన్ని పట్టుకుంటా" అని లేచింది. ఐదు నిమిషాలకి వాట్సాప్ మెసేజి, "ఎక్కడికీ పోడట. కాటిసీను వింటాడట. మెట్ల మీద కూర్చున్నాడు."

కాటిసీను గురించి ఎంత చెప్పినా తక్కువే. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంత కవి గారిదే అయినా, శ్మశానంలో హరిశ్చంద్రుడు పాడే పద్యాల్లో జనం ప్రాణం పెట్టేవి జాషువా గారివి. వినుకొండలో 1895లో పుట్టి, 1971లో ఈ గుంటూరులోనే కన్నుమూసిన మనిషి. జీవితమంతా అంటరానితనాన్ని ఎదుర్కొన్న కవి, శ్మశానంలో దానికి చోటు లేదని రాస్తే, ఆ మాటని వీరబాహుడి దగ్గర కాటికాపరిగా అమ్ముడుపోయిన ఒక చక్రవర్తి నోట మనం వింటాం. కారులో ఎన్ని వందల మైళ్ళు విన్నానో తెలియదు, నిన్న ఆ పద్యం ఎత్తుకునేసరికి మా బ్యాంకమ్మ నా చెయ్యి పట్టుకుంది. రాగం మీద ఒక్క కంప్లయింటూ రాలేదు. నిజానికి ఆయన రాగం సాగదీయలేదు, పద్యంలో మాటలు మనకి అందేలా పాడారు. ఒన్స్ మోర్ అని అరిచారు, రెండోసారి పాడేటప్పుడు మాత్రం రాగం కొంచెం ఎక్కువైంది, చప్పట్లకి పడని మనిషెవరు చెప్పండి.

అయిపోగానే వెనక్కి పరుగెత్తాం. ఇక్కడ కెమెరా ఆపేశాను కాబట్టి మాటల్లోనే చెప్తాను. మేకప్ గది అంటే పెద్ద గదేం కాదు, కిరీటాలు, విగ్గులు ట్రంకుపెట్టెల్లో సర్దేస్తున్నారు, అంతా కొబ్బరినూనె వాసన. ఆయన లుంగీ, బనీనుతో ఉన్నారు, ముఖానికి నూనె రాసుకుని సగం రంగు తుడిచారు, సగం అలాగే ఉంది. నేను దారిలో ఎన్నో మాటలు కూర్చుకున్నాను అండీ, తీరా ఎదురుగా నిలబడితే, "మేష్టారూ, ముల్లు... ఆ ముల్లు..." అని ఆగిపోయాను. మా టీచరమ్మ అందుకుని క్లిప్పు సంగతి చెప్పింది. ఆయన పెద్దగా నవ్వి, "అది నిజం ముల్లేనమ్మా. పొలంలో వేసిన స్టేజీ అది. గుచ్చుకుంది, ఏం చేయను, బాకీ ఆపలేం కదా!" అన్నారు.

తెనాలి వైపు ఊరట. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. "ఉద్యోగంలోనూ వసూలే, నాటకంలోనూ వసూలే. చిల్లర మాత్రం ఎప్పుడూ సరిపోయేది కాదు" అన్నారు. లెక్క తప్పడం గురించి అడిగాను, అది పుస్తకంలో ఉందా అని. లేదన్నారు. "చూడమ్మా, వీణ్ణి చూసి జనం నవ్వాలి, తిట్టుకోవాలి, అంతవరకూ బాగానే ఉంది. కానీ వీడూ అయోధ్య నుంచి కాశీ దాకా వాళ్ళతో పాటే నడిచాడు కదా, వాళ్ళకి నీళ్ళు దొరకని చోట వీడికీ దొరకలేదు. ఆ పిల్లాణ్ణి ఇన్నాళ్ళూ పక్కనే చూశాడు. రాయి అయినా కొంచెం కదలదూ?" మరి కాటిసీను రోజూ వింటారెందుకు, బస్సు పోతుంది కదా అంటే, "నేను వసూలు చేసిన బాకీకి ఆ మహానుభావుడు ఎక్కడ తేలాడో చూసి పోవద్దూ" అన్నారు. మా డాక్టరమ్మ కళ్ళు తుడుచుకోవడం మొదటిసారి చూశాను, అది పదో తరగతి రిజల్ట్స్ రోజున కూడా ఏడవలేదు.

ఫోటో అడిగితే "ఉండమ్మా, చొక్కా వేసుకోనీ" అని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సగం రంగుతోనే నిలబడ్డారు. అమెరికాలో పద్యాలు వినేవాళ్ళున్నారా అని అడిగారు. అక్కడి తెలుగువాళ్ళ సంఘం తానా సభల్లో పద్యనాటకం పెడుతుంటారని చెప్పాను, ఆయనకి తెలుసు, తనకి తెలిసిన హరిశ్చంద్రులు వెళ్ళొచ్చారట. "నక్షత్రకుణ్ణి ఎవరు పిలుస్తారమ్మా, అప్పులున్నవాళ్ళు భయపడతారు" అని మళ్ళీ నవ్వు. నవ్వుతూనే అన్నారు గానీ, అందులో కొంత నిజం ఉంది. హరిశ్చంద్రులకి దండలు, ఫ్లెక్సీలు అన్నీ ఉంటాయి, ఫ్లెక్సీ మీద ఈయన ఫోటో అడుగున స్టాంపు సైజులో ఉంది.

మా కారులో దింపుతామంటే వద్దన్నారు, ట్రూపు వ్యాను ఉందట. పోతూ పోతూ మా టీచరమ్మ నాటకం ఏర్పాటు చేసే కాంట్రాక్టరు నంబరు తీసుకుంది. వాళ్ళ ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో ఏటా రికార్డు పాటలే పెడుతున్నారని, ఈసారి హరిశ్చంద్ర పెట్టించాలని కారులోనే వాళ్ళ మామగారికి ఫోన్ కొట్టింది. చందాలో నా వాటా నేను వేస్తున్నాను, అప్పటికి డాలస్‌లో ఉంటాను కాబట్టి బ్యాంకమ్మ లైవ్ పెడుతుంది. షరతు ఒక్కటే పెట్టాను. హరిశ్చంద్రుల్ని ఎవరినైనా తెచ్చుకోండి, నక్షత్రకుడు మాత్రం ఆయనే కావాలి, అమ్మకం సీనులో కెమెరా స్టేజీ చివర నిలబడ్డ ఆయన మీదే ఉండాలి. బ్యాంకమ్మ సరే అంది కానీ ట్రైపాడ్ నన్నే కొనిపెట్టి వెళ్ళమంటోంది.