కూల్చే ముందు బొమ్మ వేయించండి!

పాత బిల్డింగ్‌ని కూలుస్తారా? కూల్చండి. కానీ ముందు ఒక వాటర్‌కలర్ ఆర్టిస్ట్‌ని తెచ్చి ఆ బిల్డింగ్ ఎదురుగా పదిహేను రోజులు కూర్చోబెట్టండి. సర్కారు జీతం ఇచ్చి మరీ! పోయిన వీడియోలో ఈ మాట అన్నందుకు కామెంట్లలో నన్ను ఉతికి ఆరేశారు. "అన్నా, ఫోన్‌లో కెమెరా ఉంది, పైన డ్రోన్ ఉంది, ఇంకా రంగుల డబ్బా ఏంటన్నా?" అంట!

సరే తమ్ముడూ, విను. 1940, బ్రిటన్. నెత్తిన బాంబులు పడుతున్నాయి. కెమెరాలు లేవా? బోలెడున్నాయి. అయినా 'రికార్డింగ్ బ్రిటన్' అని పథకం పెట్టి, ఆర్టిస్టులకి డబ్బులిచ్చి ఊళ్లమీదికి పంపారు. బాంబుల భయం ఒక్కటే కాదు, కొత్త కట్టడాలొచ్చి పాతవాటిని మింగేస్తాయన్న భయం కూడా. 1,500కి పైగా బొమ్మలు, ఎక్కువ శాతం వాటర్‌కలర్లే! లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. యుద్ధంలో ఉన్నవాళ్లకి తీరిక దొరికింది, మనకి మాత్రం దొరకదు!

అంత దూరం ఎందుకు, మన అమరావతి చూడండి. 1816లో బ్రిటిష్ సర్వేయర్ కాలిన్ మెకంజీ తన మనుషుల్ని పెట్టి స్తూపం శిల్పాల్ని గీయించాడు. తర్వాత ఆ రాళ్లలో ఎన్నో గల్లంతు. బొమ్మలు మాత్రం బ్రిటిష్ లైబ్రరీలో భద్రం. మరి హైదరాబాద్‌లో మన పాత సెక్రటేరియట్ జీ బ్లాక్? నిజాం కాలం నాటి సైఫాబాద్ ప్యాలెస్ అది, 2020లో నేలమట్టం. ఫోటోలున్నాయి కదా అంటారు. ఉన్నాయి! ఎంతమంది రెండోసారి తీసి చూశారు?

ఫోటో క్షణంలో అయిపోతుంది, అదే దాని జబ్బు. వాటర్‌కలర్‌లో తెల్లరంగు వాడకపోవడమే పద్ధతి. తెలుపు కావాలంటే కాగితాన్నే ఖాళీగా వదలాలి. చార్మినార్ గచ్చు మీద ఎండ ఎక్కడ తగులుతోందో బ్రష్ ముంచకముందే తేల్చుకోవాలి. ఈలోగా నీడ జరిగిపోతుంది. మే నెలలో అయితే ఆకాశం వాష్, అంటే పల్చటి రంగు పూత, ఈ చివర నుంచి ఆ చివరికి లాగేలోపే ఎండిపోతుంది. వానాకాలంలో అసలు ఆరదు. పక్కన ఇరానీ చాయ్ పెట్టుకున్నారా, బ్రష్ అందులోనే మునుగుతుంది, రాసిపెట్టుకోండి! చాయ్ రంగు పాతగోడకి బాగానే కుదురుతుంది, అది వేరే సంగతి.

ఇక నా థియరీ. నవ్వుకుంటే నవ్వుకోండి. బొమ్మ వేసేవాడు కూర్చున్నాడంటే చుట్టూ జనం మూగుతారు. రోజూ ఆ గోడ పక్కనుంచే పోయే పండ్లబండాయన కూడా ఆగి, "అరే, పైన ఆ పువ్వు ఉందా!" అని తలెత్తుతాడు. అలా నలుగురు తలెత్తి చూసిన బిల్డింగ్ జోలికి బుల్డోజర్ అంత తేలిగ్గా రాదు. హైదరాబాద్‌లో ఎర్రమంజిల్ ప్యాలెస్ ఎలా మిగిలింది? కూల్చివేతని 2019లో హైకోర్టు ఆపింది, ఒప్పుకుంటాను. కానీ కోర్టు మెట్లెక్కిందెవరు? ఆ బిల్డింగ్ మీద ప్రేమ ఉన్నవాళ్లే కదా! ఆ ప్రేమ డ్రోన్ షాట్ చూస్తే పుడుతుందా?

మీ ఊళ్లో కూలడానికి సిద్ధంగా ఉన్న పాత బిల్డింగ్ ఏదో కింద కామెంట్లో చెప్పండి. ఫోటో పెడితే మాత్రం డిలీట్ చేసేస్తా. ఎదురుగా కూర్చుని, వంకరటింకరగా అయినా సరే, గీసి పెట్టండి!