ఫోన్ మోగితే అక్కే ఎత్తాలి

హోస్ట్: రికార్డింగ్ మొదలైందక్కా. బైరాగిపట్టెడ నుంచి రావడానికి ఇంతసేపా?

అక్క: మా చెల్లికి పార్సిల్ వచ్చిందబ్బా. దానికి పుట్టుకతోనే వినపడదు, ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. డెలివరీ అబ్బాయి లీలామహల్ సర్కిల్ దగ్గర నిలబడి ఒకటే కాల్స్. ఇది కట్ చేసి 'వినపడదు, మెసేజ్ పెట్టండి' అని పంపిస్తే వాడు చూడడు, మళ్ళీ కాల్. చివరికి నాకు వీడియో కాల్ చేసి తల కొట్టుకుంది.

హోస్ట్: వాట్సాప్ వచ్చాక ఇబ్బంది తీరిపోయిందనుకున్నా.

అక్క: వినపడని వాళ్ళలో వాళ్ళకి తీరింది, రాత్రి పదకొండు దాకా సైగలతో కబుర్లే. చిక్కంతా మనతో. మొన్న కుట్టుమిషన్ లోన్‌కి వెరిఫికేషన్ కాల్ వస్తే నేను ఎత్తా. 'కుదరదు మేడమ్, ఆమే మాట్లాడాలి' అన్నాడు. ఏం మాట్లాడుతుంది?

హోస్ట్: బయటి దేశాల్లో ఎట్లా?

అక్క: అమెరికాలో రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ అని, ఆయనకీ వినపడదు, 1964లో పాత టెలిప్రింటర్‌ని మామూలు ఫోన్‌కి కలిపే పరికరం చేశాడు. టైప్ చేసిన అక్షరాలు శబ్దాలుగా వెళ్ళి అవతల మళ్ళీ అక్షరాలయ్యేవి. 'ఇక నువ్వు చెప్పు' అనడానికి 'జీఏ' అని కొట్టేవాళ్ళు. కానీ ఇద్దరి దగ్గరా మిషన్ ఉండాలి కదా. అందుకే అక్కడి 1990 వికలాంగుల చట్టంలో రిలే సర్వీసు పెట్టారు, మధ్యలో ఆపరేటర్ ఇటు టైప్ చేసింది అటు చదివి, అటు చెప్పింది ఇటు టైప్ చేస్తాడు. ఇప్పుడు 711 కొడితే చాలు. సైగల వాళ్ళకి వీడియోలో కూడా ఉంది.

హోస్ట్: నువ్వు చేసేదే!

అక్క: కాదురా. అక్కడ ఆపరేటర్ ఉన్నదున్నట్టు చెప్పాలి, విన్నది బయట పెట్టకూడదు, అది రూలు. నేనేం చేశా? ఇంకో చోట లోన్ అడిగినప్పుడు వాళ్ళు నాతో మాట్లాడారు. చెల్లి 'వడ్డీ ఎక్కువ, తగ్గించమను' అని సైగ చేస్తే, ఎందుకొచ్చిన గొడవలే అని 'సరే సార్' అనేశా. అది పెదాలు చూసి పట్టేసింది. రెండు రోజులు మొహం తిప్పుకుంది, దానితో అంటే ఇక మాటలు బంద్ అయినట్టే.

హోస్ట్: మనకి చట్టం లేదా?

అక్క: 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమే, కేవైసీని, అంటే మనం ఎవరో బ్యాంకుల వాళ్ళు చూసుకునే తనిఖీని, వికలాంగులకు వీలుగా మార్చమంది. ఆ మాట ఆ కాల్ చేసేవాడి దాకా రావాలిగా.

హోస్ట్: లోన్ సంగతి?

అక్క: నన్ను పిలవలేదు. నోట్‌బుక్, పెన్ను పట్టుకుని అదే ఆఫీసుకి పోయి, మేనేజర్‌తో రాతలోనే బేరం చేసుకొచ్చింది. ఎంతకి తెగిందో నాకు చెప్పలా, ఆ పేజీ కూడా చూపించలా.