ట్రిపుల్ ఏ బాండు: రాసున్న వడ్డీ, చేతికొచ్చే వడ్డీ

ఒంగోలు పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

మన దగ్గర వడ్డీ అంటే నూటికి నెలకు ఇన్ని రూపాయలు. ఆ లెక్కన ఏడాదికి 8 శాతం ఇచ్చే బాండు (కంపెనీకి మనమిచ్చే అప్పుకు పత్రం) 67 పైసల వడ్డీ. ట్రిపుల్ ఏ అంటే రేటింగ్ సంస్థలు ఇచ్చే అన్నిటికన్నా పై గ్రేడు. ఆ గ్రేడున్న కంపెనీకి అప్పివ్వడానికి అందరూ ముందుకొస్తారు కాబట్టే దానికి అంత చౌకగా డబ్బు పుడుతుంది.

యీల్డును, అంటే కొన్న ధర మీద ఏటా గిట్టే శాతాన్ని, పొలం కౌలు లెక్కలా చూడండి. ఎకరం కౌలు 30 వేలు అనుకుందాం. పొలాన్ని 20 లక్షలకు కొన్నవారికి ఒకటిన్నర శాతం గిట్టుతుంది, 25 లక్షలు పెట్టినవారికి 1.2 శాతమే. కౌలు అదే, కొన్న ధర వేరు.

బాండులో ఇంకో మెలిక ఉంది: గడువు తీరాక ముఖవిలువే, అంటే బాండు మీద రాసున్న అసలే చేతికొస్తుంది. 1,000 రూపాయల బాండు, కూపన్ (ముఖవిలువ మీద ఏటా ఇచ్చే వడ్డీ) 7.5 శాతం, ఇంకా అయిదేళ్లు గడువు. 980కి కొంటే ఏటా 75, చివర్లో 20 లాభం. యీల్డు 8 శాతం. అదే 1,020.50కి కొంటే చివర్లో 20.50 పోతుంది, యీల్డు 7 శాతం. కూపన్ ఒక్కటే చూసి కొనేవాళ్లు నష్టపోయేది ఇక్కడే.

రెండో తికమక, కట్టే మొత్తం. కూపన్ పడిన 146 రోజులకు కొంటే, అన్నాళ్ల వడ్డీ 30 రూపాయలు అమ్మినవారికి చెందుతుంది. ధర 980 అని చూపించినా 1,010 కట్టాలి. అది మోసం కాదు, తర్వాతి కూపన్‌లో మీకు తిరిగొస్తుంది.

రేటింగ్ చెప్పేది బాకీ సకాలంలో తీర్చే సత్తా గురించే. మార్కెట్ వడ్డీ ఒక శాతం పెరిగితే ఈ అయిదేళ్ల బాండు ధర దాదాపు 4 శాతం పడుతుంది, ఎన్ని 'ఏ'లున్నా. ఆ సత్తా కూడా శాశ్వతం కాదు: మౌలిక వసతులకు అప్పులిచ్చే ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ సంస్థ 2018 వేసవిలో ట్రిపుల్ ఏ, సెప్టెంబరులో డి, అంటే బాకీ ఎగ్గొట్టినవారి గ్రేడు. బ్యాంకు డిపాజిట్‌కున్న 5 లక్షల బీమా బాండుకు లేదు. తోటి ట్రిపుల్ ఏల కన్నా ఒకటి బాగా ఎక్కువ యీల్డు చూపిస్తుంటే, కారణం దొరికేదాకా డబ్బు తీయకండి.

వడ్డీ మీ ఆదాయంలో కలుస్తుంది. 30 శాతం శ్లాబులో ఉంటే, సెస్సు వదిలేసినా, ఆ 75లో మిగిలేది 52.50. కంపెనీకి ముందే తీర్చేసే కాల్ హక్కు ఉందేమో చూసి, ఉంటే ఆ తేదీ వరకూ యీల్డు ఎంతో విడిగా అడగండి.