టీచర్లకి ఏం ఇద్దాం? రెండొందల లోపు గిఫ్టులు, మన రాయగడ బజారు నుంచే

నమస్కారం అండీ అందరికీ. పరీక్షలు అయిపోవచ్చాయి, ఇవాళో రేపో రిజల్టులు. మన పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఇప్పుడు ఒకటే గోల: మేడమ్‌కి ఏం ఇద్దాం, సార్‌కి ఏం ఇద్దాం? ఒకరు గోడ గడియారం అంటారు, ఒకరు చీర అంటారు, ఇంకొకరు తలా మూడొందలు వేసుకుందాం అంటారు. మిగతావాళ్ళు చప్పుడు చెయ్యరు. ఆ చప్పుడు చెయ్యనివాళ్ళ కోసమే ఈ వీడియో.

ఒక్కో టీచరుకి రెండొందల లోపు, ఇదీ నా లెక్క. అన్నీ మన దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, కొరాపుట్, పర్లాకిమిడి వైపు దొరికేవే. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడితే మన కొండలెక్కి వచ్చేసరికి స్కూలుకి సెలవులిచ్చేస్తారు, అందుకని వాటి జోలికి పోలేదు.

ముందు ఏవి వద్దో చెప్తాను. మా వదిన గుణుపురం దగ్గర గవర్నమెంటు స్కూల్లో టీచరు. వాళ్ళింట్లో ఒక బీరువా తీస్తే మొత్తం మగ్గులే. 'బెస్ట్ టీచర్' అని రాసినవి, గులాబీ పువ్వున్నవి, రంగు మారేవి. వాటి వెనకాల ఫోటో ఫ్రేములు, పెన్ స్టాండులు. "ఏంటి వదినా ఇన్ని?" అంటే, "పారేస్తే పిల్లలు గుర్తొస్తారు, వాడదామంటే ఇంట్లో ఉన్నది ఇద్దరం, ఏం చెయ్యమంటావు చెప్పు" అంది. కాబట్టి మగ్గు, ఫ్రేము, షోకేసు బొమ్మ, ఈ మూడూ కొట్టేయండి.

చీర, వెండి సామాను, గిఫ్ట్ కార్డు అసలే వద్దు. గవర్నమెంటు టీచర్లకి 1959 నాటి ఒడిశా ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు ఉన్నాయి, బహుమతులు తీసుకోవడం మీద అందులో ఆంక్షలున్నాయి. మనం ప్రేమగానే ఇస్తాం, ఇబ్బంది పడేది ఆవిడ. వద్దు అనలేరు, తీసుకోలేరు. చిన్న వస్తువు అయితే ఎవరికీ టెన్షన్ లేదు.

ఇప్పుడు టేబుల్ మీదకి రండి. ఇదిగో, చాక్‌పీసు హోల్డరు. పెన్నులా ఉంటుంది, చాక్‌పీసు లోపల దూర్చి బిగించుకుని రాయడమే. మన వైపు పల్లె స్కూళ్ళలో ఇంకా నల్లబల్లే కదా. రోజంతా సుద్ద పట్టుకుంటే వేళ్ళు ఎండిపోయి పగుళ్ళొస్తాయి, చీర కొంగంతా తెల్లబడుతుంది. ఇది ఉంటే అరంగుళం ముక్క దాకా వాడుకోవచ్చు. రెండు రకాలు తెచ్చాను. ప్లాస్టిక్‌ది తేలిక, కానీ గట్టిగా నొక్కి రాసేవాళ్ళ చేతిలో చాక్‌పీసు లోపలికి జారిపోతోంది. స్టీలుది కాస్త బరువు, పట్టు బావుంది. నాకు అడిగితే స్టీలుదే. కొనేముందు షాపులోనే చాక్‌పీసు పెట్టి చూడండి, లావు చాక్‌పీసులు కొన్నిట్లో పట్టవు.

దీనికి జోడీగా ఒక డబ్బా డస్ట్‌లెస్ చాక్. పేరు చూసి అసలు పొడే రాదనుకోకండి, వస్తుంది. మామూలు సుద్దలు ఎక్కువగా జిప్సంతో చేస్తారు, పొడి తేలిగ్గా గాల్లోకి లేస్తుంది. డస్ట్‌లెస్‌లో కాల్షియం కార్బొనేట్ ఉంటుంది, పొడి బరువుగా కిందికి పడుతుంది. ముక్కులోకి పోయేది తగ్గుతుంది. దగ్గు, తుమ్ములతో బాధపడే మేడమ్ ఉంటే ఈ ఒక్క డబ్బా చాలు, నన్నడిగితే ఈ మొత్తం వీడియోలో నంబర్ వన్ ఇదే.

టౌన్‌లో ఇంగ్లీషు మీడియం అయితే వైట్‌బోర్డు. అక్కడ మార్కర్లు ఇవ్వండి, కానీ ఇంకు నింపుకునే రకం, దాంతోపాటు చిన్న ఇంకు బాటిల్. ఒక్కసారి వాడి పారేసే రకం వద్దు. నలుపు, నీలం స్కూలు వాళ్ళు ఎలాగూ ఇస్తారు, మీరు ఎరుపు, ఆకుపచ్చ ఇవ్వండి, అవే ఎప్పుడూ కరువు. ఇస్తూ మీ అబ్బాయితో చెప్పించండి: మార్కర్లు నిలబెట్టకుండా పడుకోబెట్టి ఉంచితే మొన తొందరగా ఎండదు అని. ఇంకో చిట్కా కూడా. బోర్డు మీద ఎవరైనా పొరపాటున పర్మనెంట్ మార్కర్‌తో రాసేస్తే, దాని మీదే వైట్‌బోర్డు మార్కర్‌తో దిద్ది వెంటనే తుడిస్తే చాలావరకు పోతుంది. నేను మా ఇంటి బోర్డు మీద చేసి చూశాను, పోయింది.

సరే, స్కూలు సామాను అయిపోయింది. ఇప్పుడు మన ఊరి సరుకు. నాకు ఇష్టమైన భాగం ఇదే.

కాఫీతో మొదలుపెడతా. మన చుట్టాలందరూ అరకు కాఫీ అరకు కాఫీ అంటారు. అదే కొండల వరసలో ఇటువైపు మన కొరాపుట్ కాఫీ ఉంది, దాన్ని ఎవరూ తలవరు. ఒడిశా గిరిజన సహకార సంస్థ వాళ్ళు ప్యాకెట్లలో అమ్ముతున్నారు. వాసన బావుంది, చేదు ఎక్కువ లేదు. రెండు జాగ్రత్తలు. ప్యాకెట్టు మీద గింజలా పొడా చూసుకోండి, ఇంట్లో మిషన్ లేనివాళ్ళకి గింజలిస్తే ఏం చేసుకుంటారు? రెండోది, ఇది డికాషన్ పొడి, నీళ్ళలో కలిపేస్తే కరిగిపోయే రకం కాదు. మన తెలుగు మేడమ్‌కైతే ఇంట్లో ఫిల్టర్ ఉంటుంది. ఒడియా వాళ్ళిళ్ళలో ఎక్కువగా టీయే. ఏం తాగుతారో పిల్లల్ని అడగండి, వాళ్ళకి అన్నీ తెలుసు.

టీ తాగే గురుమా (ఒడియాలో మేడమ్‌ని అలాగే అంటారు) అయితే ఇదిగో, ఖజూరి గుడ. ఈత బెల్లం. గజపతి జిల్లాది, 2024లో జీఐ ట్యాగ్, అంటే ఇది ఫలానా చోటి సరుకే అనే గుర్తింపు, వచ్చింది. చలికాలంలో ఈతచెట్టు తాజా నీరా కాచి చేస్తారు, అందుకని మార్చికల్లా కొత్త సరుకు ఉండదు. ఉన్నదాన్లో గట్టిగా, పొడిగా ఉన్న అచ్చు ఏరుకోండి. చెమ్మగా ఉంటే తీసుకోవద్దు. మా ఇంట్లో పాయసంలో వేశాను, మామూలు బెల్లానికీ దీనికీ వాసనలోనే తేడా తెలిసిపోయింది.

బియ్యం కూడా ఇవ్వొచ్చు, నవ్వకండి. కొరాపుట్ కాలాజీర బియ్యం, దీనికీ 2024లోనే జీఐ వచ్చింది. నల్లటి వడ్లు, సన్న గింజ, వండుతుంటే పక్కింటికి తెలుస్తుంది. మామూలు బియ్యం కన్నా ధర ఎక్కువే, కిలో చాలు. గుడ్డ సంచిలో కట్టి ఇస్తే ఏ గిఫ్ట్ ప్యాకింగూ అక్కర్లేదు. ఏప్రిల్ 14న పణ సంక్రాంతి వస్తుంది కదా, ఒడియా వాళ్ళకి కొత్త సంవత్సరం. ఆ పండగ పూట వండుకుంటారు, మన పిల్ల పేరు చెప్పుకుంటారు.

ఆవకాయ సంగతి చాలామంది అడిగారు. మన తెలుగు టీచరుకి ఇవ్వండి, ఆనందంగా ఇవ్వండి. మిగతావాళ్ళకి మాత్రం ఆలోచించండి. మన కారం మనకి మామూలు, వాళ్ళకి కళ్ళలో నీళ్ళు. వెల్లుల్లి తినని రోజులూ ఉంటాయి వాళ్ళకి. చేగోడీలు, జంతికలు అయితే ఏ గొడవా లేదు, నాలుగు రోజులు నిలవుంటాయి.

ఇక సవర బొమ్మలు. గుణుపురం బ్లాకు పుట్టాసింగి వైపు లంజియా సవర గిరిజనులు ఇంటి గోడల మీద వేసే చిత్రాలు, ఇడితాల్ అంటారు. దేవతల కోసం, పెద్దల కోసం వేసేవి. ఇప్పుడు కాగితం మీద, గుడ్డ మీద కూడా వేసి అమ్ముతున్నారు. నేను చిన్న బుక్‌మార్కులు, ఒక కార్డు తెచ్చాను. చూడండి ఎంత బావున్నాయో. కానీ బజారులో ఇదే పేరుతో వార్లీ ప్రింట్లు అంటగడుతున్నారు. వార్లీ మహారాష్ట్రది. అందులో మనిషి ఒళ్ళంటే రెండు త్రికోణాలు, మొన మీద మొన. సవర బొమ్మల్లో ఒళ్ళు కాస్త పొడుగ్గా సాగి ఉంటుంది, మొనలు అంత పదునుగా ఉండవు, చుట్టూ అంచు వేసుకుని లోపలికి నింపుకుంటూ వస్తారు. చేత్తో వేసిందో ప్రింటో తెలియాలంటే పక్కపక్కనున్న రెండు బొమ్మలు చూడండి, అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే వదిలేయండి. డిసెంబరు ఆఖర్లో మన రాయగడ చైతి ఉత్సవంలో స్టాళ్ళు పెడతారు. అప్పుడే నాలుగు కొని దాచుకుంటే మార్చిలో ఈ పరుగు ఉండదు.

కొరాపుట్ జిల్లా కొట్‌పాడ్ నేత గురించి ఒక్క మాట. ఎర్రమట్టి రంగు, ఆల్ చెట్టు వేరుతో అద్దుతారు, 2005లోనే జీఐ వచ్చింది. చీరలు మన బడ్జెట్‌లో లేవు. చిన్న తువ్వాలు దొరికితే పట్టేయండి, సార్లకి చాలా బావుంటుంది. డోంగ్రియా కోంధు గిరిజనులు చేత్తో కుట్టే కప్డాగండా శాలువా కూడా చూశాను. ఆ కుట్టుపనికి ఆ ధర న్యాయమే, మనకి అందదు అంతే.

మొక్కలు? ఎండాకాలం, స్కూలుకి తాళం. నాకైతే వద్దు.

ఇప్పుడు అసలు విషయం. పైన చెప్పినవేవీ కొనలేకపోయినా పర్లేదు, ఉత్తరం మాత్రం రాయించండి. మీ పిల్లల చేత, వాళ్ళ చేతిరాతతో, అరపేజీ. మా వదిన మగ్గులన్నీ ఎవరో ఒకరికి ఇచ్చేస్తుంది, పిల్లల ఉత్తరాలు మాత్రం బిస్కెట్ డబ్బాలో పెట్టి పైన సర్దుకుంది. అయితే "మీరు చాలా మంచి టీచర్, థాంక్యూ" అని రాస్తే లాభం లేదు, అది అందరూ రాసేదే. జరిగింది ఒకటి రాయమనండి. "మీరు రొట్టె ముక్కలు చేసి భిన్నాలు చెప్పారు, ఆ రోజు నాకు అర్థమైంది." "వాన రోజు మీరు గొడుగు ఇచ్చారు." అంతే. ఒడియా టీచరుకి ఒడియాలో రాయించండి. తప్పులుంటే దిద్దకండి, దిద్దే పని ఆవిడది. కింద మీరు తెలుగులో రెండు ముక్కలు రాసి సంతకం పెట్టండి, చదివి చెప్పడానికి ఆ క్లాసులోనే బోలెడుమంది ఉంటారు.

ఎప్పుడు ఇవ్వాలి అంటే, మార్కులు చేతికొచ్చాక. ముందిస్తే ఎంత మంచి మనసుతో ఇచ్చినా చూసేవాళ్ళకి వేరేగా ఉంటుంది. క్లాసులో అందరి ముందూ వద్దు, తేనివాళ్ళు ముఖాలు చూసుకుంటారు. రిజల్టు రోజు వరండాలో ఒక్క నిమిషం చాలు.

గ్రూపులో డబ్బులు పోగేస్తుంటే, ఎవరెంత వేశారో జాబితా పెట్టకండి అడ్మిన్ గారూ. ఒకరి దగ్గర మాత్రమే లెక్క ఉండాలి. కార్డు మీద మాత్రం అందరు పిల్లల పేర్లూ ఉండాలి, వేసినవాళ్ళవీ వెయ్యనివాళ్ళవీ.

అన్నట్టు ఆయమ్మనీ, మధ్యాహ్నం వంట చేసే అక్కల్నీ మర్చిపోకండి. వాళ్ళకి ఎవరూ ఏమీ ఇవ్వరు. అర కిలో బెల్లం అచ్చు, ఒక మంచి తువ్వాలు, ఏదైనా సరే.

స్టీలు చాక్‌పీసు హోల్డరు రాయగడలో రెండు షాపుల్లోనే కనిపించింది. బరంపురం, జయపురం వాళ్ళు మీ ఊళ్ళో ఎక్కడ దొరుకుతుందో, ఎంతకి ఇస్తున్నారో కింద రాయండి, మిగతావాళ్ళకి పనికొస్తుంది. ఉంటానండీ.