సీటు కవర్లు పంపించారు, కానీ మాట్లాడాల్సింది సీటు గురించే: పాత హోండా జాజ్ రివ్యూ

నమస్తే అండి. మొదలుపెట్టే ముందు ఒక మాట చెప్పేస్తాను. సీటు కవర్లు తయారు చేసే ఒక కంపెనీ వాళ్లు నా పాత హోండా జాజ్ కోసం పూర్తి సెట్టు ఉచితంగా పంపారు. నేను డబ్బు తీసుకోలేదు. కారుతో పాటు చూపించమన్నారు, అంతే. ఏం చెప్పాలో వాళ్లు చెప్పలేదు, ఈ వీడియో వాళ్లకు ముందుగా చూపించనూ లేదు. కంపెనీ పేరు మాత్రం చెప్పను, ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఇది మొదటి తరం జాజ్. కొన్ని దేశాల్లో ఇదే కారుని ఫిట్ అంటారు. 2001లో జపాన్‌లో మొదట వచ్చింది. నా దాంట్లో 1339 సీసీ ఇంజిన్, ఐదు గేర్ల మాన్యువల్. మిగతా లెక్కలన్నీ మీరు ఇప్పటికే చూసి ఉంటారు, వాటిని మళ్లీ చదివి మీ టైమ్ తీసుకోను. ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. ఈ కారు పొడవు 3.83 మీటర్లు. నాలుగు మీటర్లు కూడా లేదు. అది మనసులో పెట్టుకుని ఇప్పుడు నేను చేసేది చూడండి.

వెనక డోరు తీశాను. సీటు మీద కూర్చునే భాగం ఉంది కదా, దాన్ని పట్టుకుని పైకి లేపుతున్నాను. కింద చిన్న కాలు ఉంది, దాన్ని లోపలికి మడిచాను. టక్. సీటు నిలువుగా వీపు భాగానికి ఆనుకుని ఆగిపోయింది. ఇప్పుడు నేల నుంచి పైకప్పు దాకా అంతా ఖాళీ. కుండీతో సహా మనిషి నడుం దాటే మొక్కని నిలబెట్టి తీసుకెళ్లొచ్చు. పడుకోబెట్టక్కర్లేదు, కొమ్మలు వంచక్కర్లేదు.

సీటుని మళ్లీ దించాను. ఇప్పుడు ఇంకో పని. భుజం దగ్గర ఉన్న ఈ మీట లాగి వీపు భాగాన్ని ముందుకు వాలుస్తున్నాను. కూర్చునే భాగాన్ని గమనించండి. అది తనంతట తానే ముందుకు జరిగి, కాళ్లు పెట్టుకునే గుంటలోకి దిగిపోయింది. అందుకే పైన నేల ఇంత చదునుగా వచ్చింది. మెట్టు లేదు, వాలు లేదు. ముందు చక్రం తీసేస్తే సైకిల్ హాయిగా పడుతుంది. ఇంకా పొడుగు వస్తువైతే డ్రైవర్ పక్క సీటుని కూడా పూర్తిగా వెనక్కి వాల్చేయొచ్చు. పుస్తకాల బీరువాని నేను అలాగే తెచ్చుకున్నాను, డిక్కీ తలుపు మూసేసి మరీ.

ఇది ఎలా కుదిరిందంటే, పెట్రోల్ ట్యాంకు వల్ల. మామూలు కార్లలో ట్యాంకు వెనక సీటు కింద ఉంటుంది. సీటు ఎత్తినా అక్కడ మీకు దొరికేది ట్యాంకు మూపే. హోండా ఇంజినీర్లు ఈ కారులో 42 లీటర్ల ట్యాంకుని తీసుకెళ్లి ముందు సీట్ల కింద పెట్టారు. ఇంజిన్ ముందుంది, ట్యాంకు మధ్యలో ఉంది, వెనక సస్పెన్షన్ కూడా ఎక్కువ చోటు తినని టార్షన్ బీమ్ రకం, అంటే రెండు వెనక చక్రాలనీ ఒకే దూలంతో కలిపేది. అలా వెనక భాగం మొత్తం మనుషులకీ సామానుకీ మిగిలింది. యంత్రానికి వీలైనంత తక్కువ చోటు, మనిషికి వీలైనంత ఎక్కువ చోటు అని హోండా ఏళ్లుగా చెప్పుకునే సూత్రం ఒకటుంది. దాన్ని చేత్తో ముట్టుకుని చూడాలంటే ఈ కారు నేలే. 1959లో అలెక్ ఇస్సిగోనిస్ అనే డిజైనర్ బ్రిటన్ వాళ్ల మినీ కారు కోసం ఇంజిన్‌ని అడ్డంగా తిప్పి పెట్టి చిన్న కారులో నలుగురిని కూర్చోబెట్టాడు. చిన్న కార్ల చరిత్రలో ఆ తర్వాత అంత తెలివైన చోటు సర్దుబాటు ఏదని నన్నడిగితే, ఈ ట్యాంకు సంగతే చెప్తాను.

నేను ఒక్కడినే అనుకోవడం కాదు. జపాన్‌లో టయోటా కరోలా 33 ఏళ్లు వరసగా అమ్మకాల్లో మొదటి స్థానంలో ఉంది. 2002లో దాన్ని దించింది ఈ కారే. తర్వాత ఇదే ట్యాంకు ఏర్పాటు, ఇదే సీటు, హోండా వాళ్ల ఇంకో కారు హెచ్‌ఆర్-వీలోకి కూడా వెళ్లాయి.

దీనికి ముందు నా దగ్గర ఇంకో చిన్న కారు ఉండేది. పేరు అనవసరం. దాని సీటు కూడా మడిచేదే, అమ్మేటప్పుడు ఆ సంగతి గొప్పగా చెప్పారు కూడా. మడిచాక చూస్తే డిక్కీకీ సీటు వీపుకీ మధ్య జానెడు మెట్టు. ఏ పెట్టె పెట్టినా సగం ఎత్తులో, సగం పల్లంలో. బ్రేకు వేసినప్పుడల్లా అది జారి ముందుకొచ్చేది. అందుకే ఎవరైనా "వెనక సీటు మడవచ్చు" అంటే నేను ఆ మాట దగ్గర ఆగను. మడిచి చూపించమంటాను. మీరూ అలాగే అడగండి.

ఇప్పుడు కవర్ల సంగతికొస్తాను. బట్ట బాగుంది, కుట్టు గట్టిగా ఉంది. కానీ వెనక సీటు కవరు చూడండి. ఈ సీటు 60:40గా రెండు భాగాలు. కవరు మాత్రం ఒకే ముక్కగా కుట్టారు! అంటే ఒక వైపు మనిషిని కూర్చోబెట్టి రెండో వైపు సీటు ఎత్తడం ఇక కుదరదు. సరే, రెండూ కలిపి ఎత్తుదామంటే, కవరు పట్టీలు సీటు కింది నుంచి వెళ్లి కొక్కేలకు తగులుకుంటున్నాయి. ఆ కొక్కేలు ఎక్కడున్నాయి? ఇందాక నేను మడిచిన కాలు ఉంది కదా, సరిగ్గా దాని దారిలో. కాలు మడత పడదు, సీటు నిలబడదు.

నాకు నిజంగా కోపం వచ్చింది. పెట్టె మీద ఈ కారు పేరే ముద్రించారు. ఈ కారు కోసమే కొలతలు తీసి చేశామని రాశారు. కొలత అంటే వెడల్పు, ఎత్తు మాత్రమేనా? ఆ సీటు ఏం చేస్తుందో ఒక్కసారి ఎత్తి చూసి ఉంటే ఈ పట్టీ ఇక్కడ పెట్టేవాళ్లు కాదు. జనం ఈ కారు కొనేదే ఆ సీటు కోసం. దాన్నే కట్టేస్తే, మిగిలేది బట్ట అందమే. వెనక కవరు విప్పేశాను. నా కారులో అది ఉండదు.

ముందు సీట్ల కవర్ల గురించి ఇంకా ముఖ్యమైన మాట. ఇది జాజ్ ఉన్నవాళ్లకే కాదు, ఏ కారు ఉన్నవాళ్లకైనా వర్తిస్తుంది. చాలా కార్లలో పక్క ఎయిర్‌బ్యాగ్ సీటు వీపు అంచులో ఉంటుంది. ప్రమాదం జరిగినప్పుడు సీటు కుట్టుని చీల్చుకుని బయటికి రావాలి. దాని మీద మందపాటి కవరు బిగించారనుకోండి, అది ఆలస్యంగా తెరుచుకోవచ్చు, పక్కదారి పట్టొచ్చు. అలాంటి సీట్ల కోసం చేసే కవర్లకి ఆ అంచు దగ్గర తేలిగ్గా చిరిగే కుట్టు గానీ, ఖాళీ గానీ ఉండాలి. వీళ్లు పంపిన దాంట్లో రెండూ లేవు. మీ సీటు అంచు మీద ఎయిర్‌బ్యాగ్ అన్న గుర్తు ఉందేమో చూసుకోండి. ఉంటే ఇలాంటి కవరు వేయకండి. కొన్ని కార్లలో పక్క సీటులో ఎవరు కూర్చున్నారో పసిగట్టే సెన్సర్లు కూడా ఉంటాయి, అసలు కవర్లే వద్దని వాటి మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. ఒక్కసారి మాన్యువల్ తెరవండి.

ఇక నమ్మకం గురించి. ఈ కారు మొరాయించదు అని అందరూ అంటారు, నేనూ అంటాను. కానీ దేని వల్ల మొరాయించదో తెలిస్తేనే ఆ నమ్మకం నిలబడుతుంది. ఈ ఇంజిన్‌లో వాల్వుల్ని సరైన వేళకి తెరిపించేది టైమింగ్ బెల్టు కాదు, చైన్. బెల్టు అయితే గడువుకి మార్చాలి, మర్చిపోయి తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి పెద్ద ఖర్చు. చైన్‌కి ఆ గడువు లేదు, వేళకి ఆయిల్ మారుస్తుంటే చాలు. సిలిండర్‌కి రెండే వాల్వులు, టర్బో లేదు. చెడిపోయే భాగాలే తక్కువ. టార్క్, అంటే ఇంజిన్ లాగే బలం, 2800 ఆర్‌పీఎం దగ్గరే మొత్తం అందుతుంది కాబట్టి ఊళ్లో నడపడానికి ఇంజిన్‌ని అరిపించక్కర్లేదు. మైలేజ్ బాగుండటానికి అది కూడా ఒక కారణం.

మెకానిక్‌లు పొరపాటు పడే సంగతి ఒకటుంది, శ్రద్ధగా వినండి. ఈ ఐ-డీఎస్ఐ ఇంజిన్‌కి నాలుగు సిలిండర్లే, కానీ స్పార్క్ ప్లగ్గులు ఎనిమిది! సిలిండర్‌కి రెండు. పెట్రోల్, గాలి మిశ్రమం రెండు వైపుల నుంచీ మండాలని అలా పెట్టారు. ముందు వరసలో నాలుగు చేతికి తేలిగ్గా అందుతాయి. వెనక వరసలో నాలుగు ముందు అద్దం వైపు లోపలికి ఉంటాయి, తీయడం కష్టం. అందుకని కొందరు ముందు నాలుగూ మార్చేసి సర్వీసు అయిపోయింది అంటారు. తర్వాత కారు నెమ్మదిగా పోతున్నప్పుడు కొద్దికొద్దిగా ఊగుతుంది, మైలేజ్ పడిపోతుంది, తప్పు ఇంకెక్కడో వెతుకుతారు. పాత ప్లగ్గులు ఎనిమిదీ చేతికివ్వమని అడగండి. లెక్కపెట్టుకోండి.

రెండోది వాల్వ్ క్లియరెన్స్, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన సన్నటి ఖాళీ. ఇందులో దానంతట అది సర్దుకునే ఏర్పాటు లేదు, స్క్రూతో సరిచేయాలి. వదులైతే టకటకమని శబ్దం వస్తుంది, కాబట్టి పట్టించుకుంటాం. బిగుతైతే ఏ శబ్దమూ ఉండదు. ఇంజిన్ చక్కగా నిశ్శబ్దంగా నడుస్తోందనుకుంటాం, లోపల ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతూ ఉంటుంది. మాన్యువల్‌లో చెప్పిన వేళకి ఒకసారి చూపించుకుంటే సరిపోతుంది, పెద్ద పని కాదు.

ఖర్చు విషయం త్వరగా చెప్పేస్తాను. 14 అంగుళాల టైర్లు చాలు. వెనక డ్రమ్ బ్రేకులు, వాటి షూలు చాలాకాలం వస్తాయి. కారు బరువు సుమారు ఒక టన్ను కాబట్టి క్లచ్ మీద, బ్రేకుల మీద భారం తక్కువ. చిన్న కారు చౌక అంటే కొన్న రోజు ధర ఒక్కటే చూడొద్దు, ఇవన్నీ కలిపి చూడండి.

నచ్చనివి లేవా? ఉన్నాయి. వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, పొట్టి, వెనక టార్షన్ బీమ్. గతుకు వస్తే అది మీ నడుముకి తెలుస్తుంది. వేగం పెరిగే కొద్దీ టైర్ల మోత లోపలికి వస్తుంది. నిండా మనుషులు, సామాను ఉండి ఎత్తు ఎక్కుతూ ఓవర్‌టేక్ చేయాలంటే గేరు దించక తప్పదు, ముందుగానే ఆలోచించుకోవాలి. ట్యాంకు కింద ఉండటం వల్ల ముందు సీటు ఎత్తుగా, నిటారుగా ఉంటుంది. కాళ్లు చాపుకుని కింద కూర్చున్నట్టు నడపడం ఇష్టమైనవాళ్లకి ఇది నచ్చదు. మా అమ్మకి మాత్రం ఆ ఎత్తే నచ్చింది. మోకాళ్ల నొప్పులు ఆమెకి. వేరే కార్లలో కిందకి దిగబడి కూర్చోవాలి, మళ్లీ పైకి లేవాలి. ఇందులో కుర్చీలో కూర్చున్నట్టు పక్కకి తిరిగి కూర్చుంటుంది, అలాగే దిగుతుంది. ఎవరి చెయ్యీ పట్టుకోదు.

ఏసీకి గుండ్రటి నాబ్‌లు ఉన్నాయి, చూడకుండానే తిప్పొచ్చు. మూడో తరంలో టచ్ బటన్లు పెట్టి, 2020 నాటి నాలుగో తరంలో హోండానే మళ్లీ నాబ్‌లకి వచ్చింది. నాకు సంతోషం కలిగించిన మార్పు అది.

మరి పాత జాజ్ దొరికితే కొనొచ్చా? కొనండి. గతుకులు, మోత, ఎత్తు సీటు అన్నీ లెక్కలోకి తీసుకునే చెప్తున్నాను. ఇంత తక్కువ చోటులో ఇంత పని చేసి, ఇంత తక్కువ ఖర్చు పెట్టించే ఇంకో కారు నేను నడపలేదు. ఆ వెనక సీటు ఒక్కదాని కోసమే నేనైతే మళ్లీ కొంటాను.

కానీ డబ్బు చేతికిచ్చే ముందు రెండు పనులు చేయండి. చాసిస్ నంబర్ రాసుకుని, టకాటా అనే కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగ్‌ల రీకాల్ ఆ కారుకి ఉందా, ఉంటే ఇన్‌ఫ్లేటర్, అంటే ఎయిర్‌బ్యాగ్‌ని గాలితో నింపే భాగం, మార్చారా అని హోండా వాళ్ల దగ్గర కనుక్కోండి. ఆ ఇన్‌ఫ్లేటర్లలో వాడిన అమోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకీ పాడై, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు లోహపు ముక్కలు ఎగిరి మనుషులు చనిపోయారు. చాలా కంపెనీల కార్లతో పాటు ఈ తరం జాజ్‌లు కూడా ఆ రీకాల్‌లో ఉన్నాయి. మార్చడానికి డబ్బు తీసుకోరు. మార్చని కారైతే మార్పించాకే తీసుకోండి, అమ్మేవాళ్లు ఎంత తొందరపెట్టినా సరే. రెండోది, డిక్కీలో స్టెప్నీ పైకి తీసి కింద గుంటలో చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలేదాకా బేరం ఆపండి.

వెనక వరస ప్లగ్గులు ఎలా తీయాలో వచ్చే వీడియోలో దగ్గర నుంచి చూపిస్తాను. మీ దగ్గర ఐ-డీఎస్ఐ ఇంజిన్ ఉంటే ఆ నాలుగూ చివరిసారి ఎప్పుడు మార్చారో ఈలోపు బిల్లు తీసి చూసుకోండి. ఉంటానండి.