పార్సెక్కులూ పట్టింపులూ

శ్రోతలకు నమస్కారం.

విశాఖలో మద్దిలపాలెం కూడలిలో నిలబడి, గాజువాక ఎంత దూరమండీ అని ఎవరినైనా అడగండి. "ముప్పావు గంట" అంటారు. వాన పడుతుంటే "గంట పైనే" అంటారు. మనం అడిగింది దూరం, ఆయన చెప్పింది కాలం. అయినా అడిగినవారికీ చెప్పినవారికీ ఏ ఇబ్బందీ ఉండదు. మన పెద్దలైతే దూరాన్ని గొంతుతోనే కొలిచేశారు, కూతవేటు దూరం అని. ఎవరి కూత, ఎంత గట్టి కూత అని నిలదీసినవారు లేరు.

నేను నిలదీసే రకం. ముప్పై ఏళ్లకు పైగా కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. చేతిలో ఎర్ర కలం ఉన్నవాడికి లోకంలో రాసి ఉన్నదంతా జవాబు పత్రంలాగే కనబడుతుంది. పదవీ విరమణతో కలం పోయింది గాని, చూపు పోలేదు. శుభలేఖలు, హోటల్లో మెనూ కార్డులు, టీవీ తెర కింద పరిగెత్తే అక్షరాలు, అన్నింటినీ మనసులోనే దిద్దుకుంటూ కూర్చుంటాను. ఇంట్లోవాళ్లు నాకు పెట్టిన పేరు ఛాందసుడు. నేనేమీ నొచ్చుకోలేదు. ఛాందసుడు అంటే అసలు అర్థం వేదం చదువుకున్నవాడు. ఆ మాట ఎలా దిగజారి చాదస్తం దగ్గరకు వచ్చి పడిందో వాళ్లకు వివరించబోయాను. "చూశారా, అందుకే ఆ పేరు పెట్టాం" అన్నారు.

ఇంజనీరింగ్ చదువు కోసం మా మేనకోడలు నాలుగేళ్లు మా ఇంట్లో ఉంది. ఎంవీపీ కాలనీలో రాత్రి పదకొండు దాటితే వీధి మొత్తం సద్దుమణుగుతుంది. అలాంటి ఒక రాత్రి ఆమె గదిలోంచి పకపకా నవ్వు వినబడింది. వెళ్లి చూస్తే కంప్యూటర్ ముందు ఒక్కతే కూర్చుని ఉంది. విషయం ఏమిటమ్మా అంటే, "పార్సెక్ గురించి గొడవ జరుగుతోంది మామయ్యా. ఒకరిది బ్రెజిల్, ఒకరిది ఫిన్‌లాండ్. రెండు గంటల నుంచి తేలడం లేదు" అంది.

1977లో వచ్చిన మొదటి 'స్టార్ వార్స్' సినిమాలో ఒక పైలట్ ఉంటాడు, హాన్ సోలో అని. తన అంతరిక్ష నౌక ఎంత వేగంగా పోతుందో గొప్పలు చెప్పుకుంటూ, కెసెల్ అనే చోటి ప్రయాణాన్ని పన్నెండు పార్సెక్కుల లోపే ముగించానంటాడు. చిక్కేమిటంటే, పార్సెక్ కాలానికి కొలత కాదు, దూరానికి కొలత. ప్యారలాక్స్, సెకండ్ అన్న రెండు మాటల్లోంచి చెరొక ముక్కా తీసి అతికించి 1913లో ఖగోళ శాస్త్రజ్ఞులు చేసుకున్న మాట అది. ఆ సెకండు కూడా గడియారంలోది కాదు, కోణాన్ని కొలిచేది. ఒక పార్సెక్ అంటే దాదాపు 3.26 కాంతి సంవత్సరాలు. కాంతి సంవత్సరం కూడా ఇలాగే మోసం చేస్తుంది. పేరులో ఏడాది ఉంటుంది, కొలిచేది మాత్రం దూరాన్నే.

"ఇందులో తేలడానికి ఏముంది? తప్పు. సున్నా మార్కులు" అన్నాను.

ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. "సింహాచలం గిరి ప్రదక్షిణ ఎన్ని కిలోమీటర్లు మామయ్యా?"

"32."

"ఎవరో వచ్చి, నేను 28లో పూర్తి చేశాను అంటే ఏమంటావు?"

"ఎక్కడో అడ్డదారి పట్టాడు అంటాను."

"అదే! ఆ పైలట్ కూడా అదే చెబుతున్నాడు."

ఆ దారిలో కృష్ణ బిలాలు ఉన్నాయట. ప్రాణభయం ఉన్నవాళ్లు వాటికి దూరంగా చుట్టు తిరిగి వెళతారు. ఇతను వాటి అంచునే రాసుకుంటూ పోయి దారిని తగ్గించాడు. కాబట్టి అతను గొప్ప చెప్పుకోవలసింది దూరం గురించే. అభిమానుల లోకంలో ఈ వివరణ ఏళ్ల తరబడి నలిగి నలిగి, చివరికి 2018లో ఆ పైలట్ మీదే తీసిన సినిమాలో తెర మీదకు ఎక్కింది. ఇంకో వర్గం ఇది ఒప్పుకోదు. మొదటి సినిమా స్క్రిప్టులోనే, ఆ గొప్పలు వింటున్న పెద్దాయన ఇవి ఉత్త కోతలని కనిపెట్టినట్టు రాసి ఉందని వాదిస్తుంది. అంటే తప్పు రచయితది కాదు, పాత్రది. అతనికి తెలియక కాదు, ఎదుటివాళ్లకు తెలియదనుకుని వదిలాడు.

నేను గీత కొట్టి చేతులు దులుపుకునే చోట, ఆ పిల్లలు చాప పరుచుకుని కూర్చున్నారు. ఒక తప్పు మాటకు ఇంత మర్యాద నేనెప్పుడూ చేయలేదు. ఆ రాత్రి పన్నెండున్నర దాకా ఆ గదిలోనే ఉన్నాను.

అక్కడి నుంచి నాకూ రుచి పట్టింది. ఈ ఫ్యాన్ అనే మాటనే తీసుకోండి. మన నెత్తిమీద తిరిగే ఫ్యాను, సినిమాకు ముందు రోజే క్యూలో నిలబడే ఫ్యాను ఒకటి కాదు. తిరిగే ఫ్యాను లాటిన్‌లో చేట అనే అర్థమున్న మాటలోంచి వచ్చింది. ధాన్యం తూర్పారబట్టే చేట. గాలి పుట్టించడమే కదా దాని పని. రెండోది ఫనాటిక్ అనే మాటకు పొట్టి రూపం. 19వ శతాబ్దం చివర అమెరికాలో బేస్‌బాల్ చూడటానికి ఎగబడేవాళ్ల వల్ల వ్యాప్తిలోకి వచ్చింది. దాని మూలం లాటిన్‌లో ఫానుమ్, అంటే గుడి. దేవత పూనినవాడు అన్నమాట. కొత్త సినిమా విడుదల రోజున జగదాంబ కూడలి వైపు వెళ్లి, కటౌట్ ఎక్కి పాలాభిషేకం చేస్తున్న కుర్రాణ్ని చూస్తే, లాటిన్ రాకపోయినా మాట మూలాన్ని ఎంత సరిగ్గా పట్టుకున్నాడో అనిపిస్తుంది.

మన మాట అభిమాని ఇంకా గడుసుది. సంస్కృతంలో అభిమానానికి మొదటి అర్థం గర్వం. ప్రేమ అనే అర్థం తెలుగులో బాగా పెరిగింది. పాత అర్థం పోయిందా అంటే పోలేదు, 'అభిమానం దెబ్బతింది' అన్నప్పుడల్లా బయటికి వస్తుంది. అభిమానుల వాదులాటలు ఒక్క రాత్రి చూస్తే చాలు, ఆ రెండు అర్థాలూ ఒకే మనిషిలో పక్కపక్కనే కనబడతాయి.

ఆ వాదులాటలు ఏ స్థాయికి పోతాయో ఒక్క ఉదాహరణ చెబుతాను. 2013లో 'స్టార్ ట్రెక్ ఇన్‌టు డార్క్‌నెస్' అనే సినిమా వచ్చింది. దాని పేరులోని 'ఇన్‌టు' అనే మాటలో మొదటి అక్షరం పెద్దది రాయాలా, చిన్నది రాయాలా అని వికీపీడియాలో తగువు వచ్చింది. అది మామూలు విభక్తి మాటే, చిన్న అక్షరం చాలని ఒక పక్షం. కాదు, అక్కడి నుంచి ఉపశీర్షిక మొదలవుతుంది, పెద్దదే ఉండాలని ఇంకో పక్షం. ఈ ఒక్క అక్షరం మీద 40,000 మాటలకు పైగా వాదించుకున్నారు. నాకు వినగానే మతిపోయింది, ఆ వెంటనే అసూయ కలిగింది. ముప్పై ఏళ్లలో పెద్ద అక్షరాల గురించి నేను చెప్పిన పాఠానికి క్లాసులో ఒక్కరూ ఎదురు ప్రశ్న వేయలేదు. మన లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా లేదు కాబట్టి బతికిపోయాం గాని, బండి ర కోసం కొట్లాడగలవాళ్లు మనలోనూ తక్కువేమీ లేరు.

అసలు ఈ పద్ధతి మనకు కొత్తదా? వ్యాసభారతంలో శశిరేఖ లేదు. అయినా బలరాముడికి ఒక కూతుర్నిచ్చి, అభిమన్యుడి మీద మనసు కల్పించి, మధ్యలో ఘటోత్కచుణ్ని దింపి, పెళ్లిపందిరిలో గందరగోళం సృష్టించారు మనవాళ్లు. అభిమానులు రాసుకునే సొంత కథలు అంటే ఇవే. కాకపోతే అప్పట్లో ఇంటర్నెట్ లేదు, తోలుబొమ్మలూ యక్షగానాలూ ఉండేవి.

నా పరువు పోయిన సంగతి కూడా చెప్పాలి. ఒకరోజు భోజనాల దగ్గర, మనిషి తానే తయారు చేసి తానే అదుపు చేయలేకపోయిన ఏదో యంత్రం గురించి మాట్లాడుతూ "అది ఫ్రాంకెన్‌స్టైన్ అయి కూర్చుంది" అన్నాను. మా మేనకోడలు చేతిలోని ముద్ద కంచంలోనే పెట్టేసింది. మేరీ షెల్లీ 1818లో వెలువరించిన ఆ నవలలో ఫ్రాంకెన్‌స్టైన్ అనేది తయారు చేసినవాడి పేరు. తయారైన ప్రాణికి, పాపం, పేరే లేదు. "ఈ ముక్క నాకు తెలియకేమమ్మా, వాడుకలో అలా అయిపోయింది" అని గొణిగాను. నిజానికి తెలుసు. క్లాసులో ఇతరులను దిద్దినవాణ్ని కూడా. పప్పూ అన్నం ముందు నాలుక జారింది. "పోనీ, ఆ డాక్టరు ఫ్రాంకెన్‌స్టైన్ చేసిన..." అంటూ సర్దుకోబోయాను. "డాక్టరు కూడా కాదు మామయ్యా. యూనివర్సిటీ కుర్రాడు" అంది. మా ఆవిడ మజ్జిగ వడ్డిస్తూ, "ఇన్నాళ్లకు సరైనవాళ్లు దొరికారు మీకు" అంది.

దిద్దడం అంటే ఎదుటివాణ్ని తగ్గించడం అనే భయం మనకు చిన్నప్పటి నుంచీ ఉంది. అందులో మన తప్పు లేదు, బడిలో అలాగే దిద్దారు. కానీ ఆ అమ్మాయి దిద్దినప్పుడు నాకు చిన్నతనం అనిపించలేదు. ఆమె కళ్లలో ఉన్నది గెలిచానన్న భావం కాదు. రండి రండి, ఇక్కడ ఇంకో గమ్మత్తు ఉంది అని పిలుస్తున్నట్టు ఉంది. ఇదే చూపు మరోచోట చూశాను. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఉంది కదా. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకుని, మరుసటి ఏడాది నుంచి ఒడ్డున మ్యూజియంగా నిలబడింది. ఒక సాయంత్రం టికెట్ల వరుసలో నా ముందు పదేళ్ల బాబు, వాళ్ల నాన్న. ఆయన "ఈ షిప్పు ఎంత పెద్దదో చూడరా" అన్నారు. "షిప్పు కాదు నాన్నా, బోటు" అన్నాడు వాడు. "తొంభై మీటర్ల పొడవున్నది బోటా?" అని ఆయన నవ్వారు. వాడు చెప్పిందే సరి. జలాంతర్గామి ఎంత పెద్దదైనా, అందులో పనిచేసేవాళ్లు ఇంగ్లీషులో దాన్ని బోటు అనే అంటారు. తొలినాళ్లలో అవి నిజంగానే చిన్న పడవలు, ఆ పేరు అలా నిలిచిపోయింది. వాడికి ఇవన్నీ ఎవరు చెప్పారని అడిగితే, ఇంటర్నెట్‌లో జలాంతర్గాముల పిచ్చివాళ్ల వీడియోలు చూస్తాడని వాళ్ల నాన్న చెప్పారు. లోపలికి వెళ్లాక టార్పెడో గొట్టాల దగ్గర మా ఇద్దరికీ కలిపి వాడే పాఠం చెప్పాడు.

ఇక నా పాత పట్టింపుల్లో కొన్నింటికి సెలవు ఇచ్చేశాను. డెసిమేట్ అనే మాట ఉంది. రోమన్ సైన్యంలో తిరగబడిన దళానికి శిక్షగా పదిమందిలో ఒకణ్ని చంపేవారు, దాన్నుంచి వచ్చింది. ఇప్పుడు సర్వనాశనం అనే అర్థంలో వాడుతున్నారు. ఒకప్పుడు నేను దీని మీద మండిపడేవాణ్ని. తర్వాత మా వంటింట్లో కొబ్బరినూనె సీసా చూసి సిగ్గుపడ్డాను. నూనె అంటే నువ్వుల నెయ్యి. నువ్వు గింజ లేనిదేదీ నూనె కాకూడదు, లెక్క ప్రకారం. వేరుశనగ నూనెతో వేగిన పెసరట్టు తింటూ డెసిమేట్ గురించి పోట్లాడటం ఏం న్యాయం?

లిటరలీ అనే మాట సంగతీ అంతే. 'లిటరలీ నా గుండె ఆగిపోయింది' అని చెబుతున్న మనిషి గుండె చక్కగా కొట్టుకుంటూనే ఉంటుంది. ఇది ఈ కాలం పిల్లల తెగులు అనుకునేవాణ్ని. 19వ శతాబ్దంలో డికెన్స్ అంతటివాడే అలా వాడాడు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 2011లో ఆ అర్థాన్ని చేర్చుకుంది కూడా. లాటిన్‌లో లిట్టెరా అంటే అక్షరం. మనం చెక్కు మీద 'అక్షరాలా వెయ్యి రూపాయలు' అని రాస్తాం, అక్కడది నిజంగా అక్షరాలే. అదే నోటితో 'అక్షరాలా నరకం చూశాను' అంటాం. రెండు భాషలూ ఒకే గోతిలో, ఒకే కాలు వేశాయి.

ఒక్క మాట దగ్గర మాత్రం మొండికేశాను, డిసింటరెస్టెడ్. ఆసక్తి లేనివాడు అని వాడేస్తున్నారు. స్వార్థం లేనివాడు, ఏ పక్షమూ పట్టనివాడు అని దాని అర్థం. కోర్టులో తీర్పు చెప్పే పెద్దమనిషికి మనం కోరుకునే గుణం అది. ఆయన ఆవలిస్తూ కూర్చోవాలని కాదు. ఈ రెండింటికీ తేడా పోతే చేతికి అందివచ్చిన పనిముట్టు ఒకటి పోయినట్టే. ఈ మాట మేనకోడలికి చాలా గట్టిగా చెప్పాను. ఆమె నిఘంటువులు తిరగేసి, 17వ శతాబ్దంలో ఆ మాటను ఆసక్తి లేదు అనే అర్థంలోనే వాడేవారని చూపించింది. నేను చూశాను, ఒప్పుకున్నాను. అయినా నా పట్టు వదల్లేదు. అభిమానులకు ఆ హక్కు ఉంటుందని వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను.

ఆమె ఇప్పుడు ఉద్యోగానికి వెళ్లిపోయింది. క్రితం ఆషాఢ పౌర్ణమికి సెలవు పెట్టి వచ్చింది, ఇద్దరం కలిసి గిరి ప్రదక్షిణ చేశాం. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, హనుమంతవాక దాటేసరికే నా మోకాళ్లు మూలగడం మొదలుపెట్టాయి. మర్నాడు పాదాలకు పసుపు నూనె రాసుకుంటుంటే పక్కింటి పెద్దాయన పలకరించారు.

"ఎంతసేపు పట్టింది మాస్టారూ?"

"32 కిలోమీటర్లు" అన్నాను.

ఆయన కాసేపు నా ముఖంలోకి చూసి, ఎండదెబ్బ అనుకున్నారో ఏమో, లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు. ఇంటి లోపలి నుంచి మాత్రం పకపకా ఒక నవ్వు వినబడింది.